కోత లేని మెదడు శస్త్రచికిత్స: ఆ తర్వాత ఏమవుతుంది?

మెదడులో కణితికి రేడియోసర్జరీ చేయించుకున్నవారిలో చాలామంది అదే రోజు సాయంత్రమో, మర్నాడో ఇంటికి వెళ్లిపోతారు. పుర్రె తెరవరు కాబట్టి కుట్లు ఉండవు. రెండు మూడు రోజుల్లో మామూలు పనులు మొదలుపెట్టేవారూ ఎక్కువే. అసలు పరీక్ష కొన్ని నెలల తర్వాత, మొదటి ఎమ్మారై రిపోర్టు చేతికి అందినప్పుడు ఎదురవుతుంది. పోయిందనుకున్న కణితి అందులో అలాగే ఉంటుంది. కొందరిలో కాస్త పెద్దదిగా కూడా కనిపిస్తుంది. చికిత్స విఫలమైందని ఇంటిల్లిపాదీ కుంగిపోయే సమయం అది. రేడియోసర్జరీ కణితిని ఏం చేస్తుందో ముందే తెలిస్తే ఈ భయం చాలావరకు తగ్గుతుంది.

కాల్చదు, విభజనను అడ్డుకుంటుంది

స్వీడన్‌కు చెందిన న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1951లో ఈ పద్ధతికి రేడియోసర్జరీ అని పేరు పెట్టారు. ఆయన రూపొందించిన గామా నైఫ్ 1960ల చివర్లో స్టాక్‌హోంలో తొలిసారి వాడుకలోకి వచ్చింది. పేరులో నైఫ్ ఉన్నా అందులో కత్తి ఉండదు. ఇప్పటి నమూనాల్లో 192 కోబాల్ట్-60 మూలాల నుంచి వచ్చే గామా కిరణాలు ఒకే చోట కలుస్తాయి. భూతద్దం ఎండను వంచినట్టు గామా కిరణాలను వంచలేం. అందుకే ఒక్కో కిరణాన్నీ ఒక్కో దిక్కు నుంచి గురిపెట్టి పంపుతారు. విడిగా చూస్తే ప్రతి కిరణమూ బలహీనమే. దారిలో ఉన్న మెదడు కణజాలానికి తగిలేది కొద్దిపాటి రేడియేషన్ మాత్రమే. అన్నీ కలిసే చోట, అంటే కణితి దగ్గర, మోతాదు ఒక్కసారిగా పెరుగుతుంది. సైబర్ నైఫ్, లీనియర్ యాక్సిలరేటర్లు ఎక్స్-కిరణాలతో ఇదే పని చేస్తాయి.

ఈ మోతాదును గ్రేలలో కొలుస్తారు. కిలో కణజాలం ఒక జౌల్ శక్తిని గ్రహిస్తే అది ఒక గ్రే. వినికిడి నరం పక్కన పెరిగే వెస్టిబ్యులర్ ష్వానోమా అనే కణితికి సాధారణంగా 12 నుంచి 13 గ్రేలు ఇస్తారు. వేడిగా లెక్కగడితే ఈ శక్తి కణజాలం ఉష్ణోగ్రతను ఒక డిగ్రీలో వెయ్యింట మూడు వంతులు మాత్రమే పెంచగలదు. కాబట్టి కణితి కాలిపోదు, కరిగిపోదు. దాని కణాల్లోని డీఎన్ఏ పోగులు తెగిపోతాయి. దెబ్బతిన్న కణం వెంటనే చావదు. చాలావరకు అది విభజన చెందబోయినప్పుడే చనిపోతుంది. కణితికి రక్తం అందించే సన్నని నాళాలు కూడా నెలల తరబడి మెల్లగా మూసుకుపోతాయి.

వేచి ఉండాల్సిన కాలం దీనిమీదే ఆధారపడి ఉంటుంది. వేరే అవయవం నుంచి మెదడుకు పాకిన క్యాన్సర్ కణాలు వేగంగా విభజన చెందుతాయి కాబట్టి వారాల్లో, నెలల్లో కుంచించుకుపోతాయి. మెనింజియోమా, ష్వానోమా వంటి నిదానంగా పెరిగే కణితులకు ఏళ్లు పట్టవచ్చు. వాటిలో కొన్ని ఎప్పటికీ చిన్నవి కావు, పెరగడం మాత్రం ఆగిపోతుంది. వైద్యులు దాన్నే విజయంగా లెక్కిస్తారు.

మొదటి వారం

తలకు లోహపు ఫ్రేమ్ బిగించి చికిత్స చేస్తే, నాలుగు పిన్నులు దిగిన చోట కొన్ని రోజులు నొప్పి ఉంటుంది. నుదురు, కనురెప్పలు వాయవచ్చు. నెత్తిమీద కొంత మేర తిమ్మిరిగా ఉండి, క్రమంగా తగ్గుతుంది. తలనొప్పి, వికారం, నీరసం కూడా మామూలే. మాస్కుతో చేసే పద్ధతిలో పిన్నుల బాధ ఉండదు. కణితి నెత్తి చర్మానికి బాగా దగ్గరగా ఉంటే తప్ప జుట్టు సాధారణంగా రాలదు.

ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే రోగికి దూరంగా ఉంచాలా అన్న సందేహం చాలామందికి వస్తుంది. అవసరం లేదు. కిరణాలు శరీరంలోంచి వెళ్లిపోతాయి, రేడియోధార్మిక పదార్థమేదీ లోపల మిగలదు. ఎక్స్-రే తీయించుకున్న మనిషి నుంచి రేడియేషన్ రానట్టే, రేడియోసర్జరీ చేయించుకున్నవారి నుంచి కూడా రాదు.

జాగ్రత్త అవసరమైంది మందుల విషయంలో. మెదడు వాపు తగ్గించడానికి కొందరికి డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఇస్తారు. దానివల్ల ఆకలి పెరుగుతుంది, నిద్ర పట్టదు, మధుమేహం ఉన్నవారికి షుగర్ బాగా పెరుగుతుంది. బాగానే ఉంది కదా అని దాన్ని హఠాత్తుగా మానేయకూడదు. కొన్ని వారాలు బయటి నుంచి స్టెరాయిడ్ అందితే అడ్రినల్ గ్రంథులు సొంత హార్మోను తయారీని తగ్గించేస్తాయి. ఉన్నట్టుండి ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. డాక్టరు చెప్పిన లెక్కన మోతాదు తగ్గించుకుంటూ రావాలి. ఫిట్స్ మందులకూ ఇదే నియమం. ఫిట్స్ వచ్చినవారు మళ్లీ బండి ఎప్పుడు నడపవచ్చో డాక్టరునే అడగాలి.

పెద్దదైనట్టు కనిపించే కణితి

చికిత్స తర్వాత కొన్ని నెలలకు కొన్ని కణితులు ఉబ్బుతాయి. లోపలి కణాలు చనిపోతున్నప్పుడు వచ్చే వాపు ఇది. వెస్టిబ్యులర్ ష్వానోమాల్లో ఇది తరచుగా కనిపించి, చాలావరకు దానంతటదే తగ్గుతుంది. లక్షణాలు ముదిరితే తప్ప, మొదటి రెండేళ్లలో కనిపించిన పెరుగుదలను బట్టి చికిత్స విఫలమైందని వైద్యులు సాధారణంగా తేల్చరు. తొందరపడి చేసే ఆపరేషన్‌తో ముఖ కండరాలను కదిలించే నరానికి అనవసరంగా ముప్పు తెచ్చుకోవచ్చు.

అలాగని ప్రతి వాపునూ తేలిగ్గా తీసుకోకూడదు. కొద్దిమందిలో కణితి చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన కణజాలం కూడా దెబ్బతిని చనిపోతుంది. దీన్ని రేడియేషన్ నెక్రోసిస్ అంటారు. ఎక్కువగా ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య బయటపడుతుంది. మామూలు ఎమ్మారైలో ఇది కణితి తిరిగి పెరిగినట్టే కనిపిస్తుంది. తేడా కనిపెట్టడానికి రక్తప్రవాహాన్ని చూపే పర్ఫ్యూజన్ ఎమ్మారై, పెట్ స్కాన్ సాయపడతాయి. అవసరమైతే స్టెరాయిడ్లు, బెవాసిజుమాబ్ ఇంజెక్షన్లు ఇస్తారు. కొద్దిమందికి శస్త్రచికిత్స చేయాల్సి వస్తుంది.

ఏళ్ల తరబడి గమనింపు

పరీక్షలు ఎంత తరచుగా అన్నది కణితి రకాన్ని బట్టి ఉంటుంది. మెదడుకు పాకిన క్యాన్సర్‌లో రెండు మూడు నెలలకోసారి ఎమ్మారై అవసరం. రేడియోసర్జరీ కనిపించిన కణితికే పనిచేస్తుంది కాబట్టి మరోచోట కొత్తది పుట్టిందేమో వెతకాలి. నిదానంగా పెరిగే కణితులకు మొదట ఆరు నెలలకు, తర్వాత ఏడాదికోసారి స్కాన్ సరిపోతుంది. వినికిడి నరం దగ్గర చికిత్స జరిగితే వినికిడి పరీక్షలు చేయించుకోవాలి. పిట్యూటరీ గ్రంథికి జరిగితే ఏళ్ల తర్వాత కూడా హార్మోన్లు తగ్గవచ్చు. విడవని అలసట, చలికి తట్టుకోలేకపోవడం వంటివి వయసు ప్రభావమని సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించాలి.

తగ్గని తీవ్రమైన తలనొప్పి, పదేపదే వాంతులు, ఫిట్స్, చూపు లేదా మాటలో తేడా, కాలో చెయ్యో కొత్తగా బలహీనపడటం, జ్వరం, పిన్నుల చోట చీము... వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ వరకు ఆగకూడదు.

ఇంట్లోవారు చేయగల మరో మేలు ఉంది. చికిత్సకు ముందు తీసిన ఎమ్మారై నుంచి నిన్నటిదాకా అన్ని సీడీలూ, రేడియేషన్ మోతాదు రాసిన కాగితాలూ ఒకేచోట భద్రపరచాలి. ఒక్క స్కాన్‌ను చూసి కణితి పెరుగుతోందో, చనిపోతూ ఉబ్బుతోందో చెప్పడం నిపుణులకూ కష్టం. పాతవన్నీ వరసగా పక్కన పెట్టి చూస్తేనే ఆ తేడా తెలుస్తుంది.