ముందు కర్ర... తరువాతే బరువు

విజయనగరం: వెయిట్ లిఫ్టింగ్ నేర్చుకుందామని వ్యాయామశాల గడప తొక్కిన పిల్లలకు మొదటి రోజే నిరాశ ఎదురవుతుంది. బరువుల చక్రాలు గోడవారనే ఉండిపోతాయి. చేతికి అందేది ఒక కర్ర. "మాస్టారూ, ప్లేట్లు ఎప్పుడేస్తారండీ?" అన్నది కొత్తగా చేరిన పిల్లలు తరచుగా అడిగే ప్రశ్న. ఓపిక చాలక నెల తిరగకుండానే మానేసేవారూ లేకపోలేదు. నిలిచినవారికి మాత్రం ఆ కర్రే పునాది.

బలానికి పేరుబడ్డ ప్రాంతమిది. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు పేరు శ్రీకాకుళం స్టేడియానికి పెట్టుకున్నారు. ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 12వ ఏట నీలంశెట్టి అప్పన్న వద్ద శిక్షణ మొదలుపెట్టి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించారు. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారత మహిళ ఆమే. నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ అయితే వెయిట్ లిఫ్టర్ల ఊరుగానే పేరు తెచ్చుకుంది.

ఎత్తే తీరులు రెండే

ఈ ఆటలో బరువు ఎత్తే తీరులు రెండు. నేల మీది కడ్డీని ఒక్క ఊపున తలపైకి లేపడం స్నాచ్. ముందు భుజాల మీదికి తెచ్చి, పిదప తలపైకి లేపడం క్లీన్ అండ్ జెర్క్. ఒక్కోదానికి మూడేసి అవకాశాలు ఇస్తారు. రెండింటిలో ఎత్తిన పెద్ద బరువులను కలిపి విజేతను తేలుస్తారు.

చేతులు తాళ్లు, తొడలే బలం

కర్రతో నేర్పేది నిలబడే తీరు, పట్టు, కదలిక. పాదాలు తుంటి వెడల్పున ఉంచాలి. వెన్ను తిన్నగా, ఛాతీ ఎత్తి ఉండాలి. బొటనవేలిని కడ్డీకి చుట్టి, దాని మీద వేళ్లు మూసి పట్టు బిగించాలి. చేతులు తాళ్ల వంటివి, పట్టుకోవడం వరకే వాటి పని. బరువును లేపేది తొడలు. కడ్డీ ఒంటికి దూరంగా పోరాదు. అది పైకి లేచిన క్షణంలోనే మనిషి చటుక్కున దాని కిందికి గొంతుక్కూర్చోవాలి. కొత్తవారు తడబడేది ఇక్కడే. కిందికి దిగడానికి జంకి, చేతులతో గుంజుతారు.

ధాన్యం బస్తాలెత్తే కళాసీలకు ఇది తెలిసిన సంగతే. నడుము వంచి లేపితే నడుమే పట్టేస్తుంది. మోకాళ్లు వంచి లేపితే బస్తా లేస్తుంది. ఎత్తలేనప్పుడు మీద పడకుండా కడ్డీని వదిలి తప్పుకోవడం కూడా నేర్చుకోవలసిన పాఠమే.

కర్ర అయ్యాక ఖాళీ కడ్డీ. అదీ తేలికేం కాదు. పోటీలలో వాడే కడ్డీ ఆడవారికి 15 కిలోలు, మగవారికి 20 కిలోలు ఉంటుంది. చిన్నపిల్లలకు అంతకన్న తేలికైన కడ్డీ ఇవ్వాలి.

పొట్టివారైపోతారా?

బరువులెత్తితే పిల్లలు ఎదగరని, ఆడపిల్లలకు మంచిది కాదని తల్లిదండ్రుల భయం. శిక్షకుని పర్యవేక్షణలో, వయసుకు తగిన బరువుతో, సరైన పద్ధతిలో సాధన చేస్తే ఎదుగుదల ఆగదని వైద్యులు తేల్చారు. తోటివారితో పంతానికి పోయి, ఎవరూ చూడనప్పుడు ఎత్తే బరువుతోనే ప్రమాదం.

తొందరగా బలం వస్తుందని మందుల జోలికి పోవడం మరో ప్రమాదం. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచారు. మొదటి స్థానం పొందిన నైజీరియా క్రీడాకారిణి మందుల పరీక్షలో పట్టుబడటంతో సంతోషి కాంస్యం రజతమైంది.

రెండున్నర కిలోల తేడా

సిడ్నీలో మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. 75 కిలోల ధాన్యం బస్తా లెక్కన ఆ 130 కిలోలు దాదాపు బస్తా ముప్పావు! స్వర్ణ, రజత పతకాలు గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. ఆఖరి అవకాశంలో 137.5 కిలోలకు ప్రయత్నించిన మల్లీశ్వరికి అది అందలేదు. అంతటి బలవంతులు తలపడిన చోట పతకం రంగు మారింది రెండున్నర కిలోలతోనే. ఆ కొద్దిపాటి తేడాను దాటించేది చిన్ననాడు ఒంటబట్టిన పద్ధతే.

నెల గడిచినా మాస్టారు పిల్లల చేత కర్రే పట్టిస్తున్నారంటే, చదువు సాగడం లేదని తల్లిదండ్రులు బెంగపడనక్కరలేదు. ఓనమాలు దిద్దిస్తున్నారన్నమాట.