కూర్చుండి చేయు కష్టము



నాగలికి మేడి అమర్చునపుడు వడ్రంగి ముందుగా దున్నువాని యెత్తును చూచును. పొట్టివానికి ఎత్తయిన మేడి పెట్టినచో వాని భుజములు నొచ్చును. పొడుగువానికి పొట్టి మేడి పెట్టినచో వాని నడుము పట్టుకొనును. పారకు కామ వేయునపుడును, కొడవలికి పిడి తొడుగునపుడును పట్టువాని చేతినే చూతురు. పనిముట్టు మనిషికి కుదురవలయును గాని మనిషి పనిముట్టునకు వంగరాదు. ఈ నియమము మన తాతల నాటిది. మీకు దీనిని నేను క్రొత్తగా చెప్ప నక్కఱలేదు. అయినను ఇటీవల మన యూళ్ళలోనికి వచ్చిన యొక పనిముట్టు విషయమున మనము దీనిని మఱచితిమి. ఆ పనిముట్టు కంప్యూటరు.

ఖమ్మము మొదలు భద్రాచలము వఱకు గల ఈ యడవి యంచున పూర్వము పట్వారీ చాప మీద కూర్చుండి, ఏటవాలు డెస్కుపై దస్త్రము పఱచుకొని, చేతితో లెక్క వ్రాసెడివాడు. 2011వ సంవత్సరము నవంబరు 4వ తేదీన మీసేవ ప్రారంభమయ్యెను. 2020 అక్టోబరు 29న భూముల లెక్కలు ధరణి యను కంప్యూటరు పద్ధతికి మారెను. 2025 ఏప్రిలు 14 నుండి దాని స్థానమున భూభారతి వచ్చెను. నేడు కుల ధ్రువపత్రము కావలసినను, ఆదాయ ధ్రువపత్రము కావలసినను, చర్ల, దుమ్ముగూడెము, ములకలపల్లి ప్రాంతముల గూడెముల నుండి జనులు మండల కేంద్రమునకు నడచి వచ్చి, ఒక యువకుని యెదుటనో యువతి యెదుటనో వరుసగా నిలుచుందురు. ఇంతమంది పనియు ఆ యొక్కరి కన్నుల మీదను, వ్రేళ్ళ మీదను ఆధారపడి యున్నది. వారు మన బిడ్డలే.

సాయంకాలము ఇంటికి వచ్చి "మెడ నొచ్చుచున్నది, చేయి తిమ్మిరెక్కుచున్నది" అని ఆ బిడ్డ చెప్పినచో మనలో పలువురు నవ్వుదురు. "ఎండలేదు, వానలేదు, నీడపట్టున ఫాను క్రింద కూర్చుండువానికి కష్టమేమి?" అందురు. పొలములో నడుము వంచి బ్రతికినవారు అట్లనుట సహజమే. కాని అది సత్యము కాదు. ఇటలీ దేశమున రామజ్జీని యను వైద్యుడు 1700వ సంవత్సరమున వృత్తుల వలన కలుగు వ్యాధులను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. దాని 1713 నాటి కూర్పులో గనిలో దిగువారితో పాటు వ్రాయసగాండ్రను గూడ చేర్చెను. వారి బాధలకు ఆయన మూడు కారణములు చూపెను: ఎడతెగక కూర్చుండుట, చేయి ఒకే తీరున కదలుచుండుట, తప్పు పోవునేమోయని మనస్సును బిగబట్టుట. ఈ మూడును నేటి కంప్యూటరు పనివానికి చక్కగా సరిపోవుచున్నవి. పనిని మనిషికి అనువుగా మలచు శాస్త్రమునకు 1857లో పోలండు పండితుడొకడు, పని, నియమము అను అర్థములు గల రెండు గ్రీకు మాటలను కలిపి, ఎర్గొనామిక్స్ అని పేరు పెట్టెను. మన వడ్రంగి మేడికి చేయునదే ఆ శాస్త్రము కుర్చీకిని, బల్లకును చేయుచున్నది.

కదలక కూర్చుండిన శరీరమునకు శ్రమ యెట్లు కలుగునో చూతము. నీళ్ళ చెంబును చేయి చాచి పట్టుకొనుడు. మొదట అది తేలిక. కొన్ని నిమిషములలోనే భుజము మండును. చెంబు బరువు పెరుగలేదు. కండ విడువక బిగిసి యుండుటచే దానికి నెత్తురు సరిగా అందలేదు. తునికాకు మూటతో నడచు స్త్రీ కాలికండలు బిగియుచు, సడలుచు నుండును గాన ఆమె క్రోసుల దూరము పోగలదు. కంప్యూటరు ముందున్నవాని మెడకు, భుజములకు ఆ సడలింపు లేదు. మనిషి తల యెత్తు సుమారు 5 కిలోలు. నిటారుగా నున్నపుడు వెన్నెముక దానిని నెత్తిమీద కుండవలె మోయును. తల ముందునకు వాలినపుడు, కుండను చేయి చాచి పట్టినట్లు, ఆ భారము పలురెట్లయి మెడకండలపై పడును. నడుము దగ్గఱ వెన్నెముకకు సహజముగా లోనికి వంపు గలదు. గూనిగా కూర్చుండినచో ఆ వంపు పోయి, ఎముకల నడుమ నుండు మెత్తని బిళ్ళలపై ఒత్తిడి పెరుగును.

ఇక సాధనముల సంగతి. మొదటిది కుర్చీ. మంచి కుర్చీకి మూడు గుణములుండవలయును: ఎత్తు తగ్గించుటకు పెంచుటకు వీలు, నడుము వంపునకు ఆనిక, మోచేతులకు ఆసరా. పాదములు రెండును నేలపై పూర్తిగా ఆనవలయును. తొడలు నేలకు సమముగా నుండవలయును. అట్టి కుర్చీ లేక ప్లాస్టికు కుర్చీయే యున్నచో దుప్పటిని చుట్టి నడుము వెనుక పెట్టవచ్చును. కూర్చుండు చోటు పల్లమైనచో దిండు వేయవచ్చును. అపుడు కాళ్ళు వ్రేలాడినచో పాదముల క్రింద చెక్కపీట పెట్టవలయును. వెల పెట్టి తెచ్చిన కుర్చీ యైనను కూర్చుండువాని కొలతకు సవరింపనిచో వ్యర్థమే. ఒకే కుర్చీలో ఇద్దఱు వంతులవారీగా పనిచేయుచున్నచో వంతు మాఱినప్పుడెల్ల దానిని సవరించుకొనవలయును.

రెండవది తెర. అది ముఖమునకు ఎదురుగా, చేయి చాచినంత దూరమున నుండవలయును. తెర పై యంచు కంటి మట్టమునకు రావలయును. క్రిందుగా నున్నచో టేకుచెక్కతో పీట చేయించి దానిపై నిలుపవచ్చును. కిటికీ వెలుగు ప్రక్కనుండి పడవలయును; ఎదుట నుండి పడినచో కన్ను చెదరును, వెనుక నుండి పడినచో తెర మెఱయును. ల్యాప్‌టాపులో తెరయు మీటలును ఒకదానికొకటి అంటియుండుటచే ఒకటి కుదిరినచో రెండవది కుదురదు. దానిని ఎత్తుపీటపై పెట్టి, వేఱుగా నొక కీబోర్డు తగిలించుటయే మార్గము. పెద్దలకు ఒక మాట: మీరు రెండు చూపుల కంటద్దములు ధరించువారైనచో, క్రింది యద్దమునుండి చూచుటకై గడ్డ మెత్తి మెడ నొప్పించుకొందురు. మీకు తెర కొంచెము క్రిందుగా నుండుటయే మేలు.

మూడవది కీబోర్డు, మౌసు. మోచేతులు ప్రక్కలకు దగ్గఱగా, ఇంచుమించు మూలమట్టముగా వంగి యుండవలయును; మణికట్టు వంగక చేతికి సూటిగా నుండవలయును. మణికట్టులో ఎముకల నడుమ ఇఱుకైన త్రోవ యొకటి గలదు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేళ్ళకు పోవు నరము దానిలోనుండి సాగును. మణికట్టు వంచి గంటలకొలది పనిచేసినచో ఆ నరము నలుగును. మన తెలుగు లిపి వలన ఈ శ్రమ మఱింత హెచ్చు. 1991 నాటి ప్రమాణమున నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో "స్త్రీ" యను ఒక్క యక్షరము వ్రాయుటకు ఆఱు మీటలు నొక్కవలయును. కాన మౌసును దూరముగా పెట్టి చేయి చాపుట మానవలయును. మణికట్టు క్రింది మెత్తను వ్రాత ఆపినపుడు చేయి ఆన్చుటకే వాడవలయును. వ్రాయుచుండగా దానిపై ఒత్తి యుంచరాదు.

ఈ సాధనములన్నియు నున్నను కదలిక లేనిచో ఫలము తక్కువ. 20 నిమిషముల కొకసారి, 20 అడుగుల దూరమున నున్న వస్తువును 20 సెకండ్లు చూడవలయునని కంటివైద్యులు చెప్పుదురు. తెర చూచువాడు ఱెప్పవేయుట తగ్గించును; అందుచే కన్ను ఎండి మండును. వాకిట చింతచెట్టును చూచినను చాలును. అరగంటకొకమాఱు లేచి నాలుగడుగులు వేయవలయును. ఇక్కడ వరుసలో నిలిచిన మనకును బాధ్యత గలదు. ఆ బిడ్డ లేచినపుడు "పని మాని తిరుగుచున్నాడు" అని కేకలు వేయరాదు. అలసిన కన్ను సర్వే నంబరులో ఒక అంకె తప్పు చూచినచో, దానిని దిద్దించుటకు రైతు ఎన్ని దినములు కార్యాలయముల చుట్టు తిరుగవలయునో మీ రెఱుగుదురు. ఆ రెండు నిమిషముల విశ్రాంతి వానికే గాక మనకును లాభము.

ఒక హెచ్చరిక. రాత్రివేళ చేతివ్రేళ్ళు మొద్దుబారుట, పట్టు సడలి వస్తువులు జాఱుట, నొప్పి మెడనుండి చేతిలోనికి దిగుట కనిపించినచో కుర్చీ మార్చి యూరకుండరాదు. ఆలసింపక వైద్యునికి చూపవలయును. తైలము రాచి నెలలు గడిపినచో నరము చెడవచ్చును.

మీరు ఈసారి ధ్రువపత్రమునకై పోయినపుడు, కాగితము చేతికి వచ్చువఱకు ఆ బిడ్డ కూర్చున్న తీరును గమనింపుడు. పాదములు నేలకు ఆనుచున్నవా? మెడ వంగి యున్నదా? వెనుక ఆనిక యున్నదా? లోపమున్నచో ఊరి వడ్రంగితో ఒక పీట చేయించి యిండు. పంచాయతీకి కుర్చీ కొనునపుడు, రంగును చూచుటకు ముందు, ఎత్తు సవరించు మీట యున్నదో లేదో చూడుడు. మేడి కుదిరిన నాగలి చాలు చక్కగా పోవునని మీ రెఱుగుదురు. ఆ కొలతను ఈ బిడ్డల బల్ల దగ్గఱ గూడ చూచుట మీవంటి పెద్దల పని.