కాలనీ ఇంటి ముందు గది

ప్రభుత్వ కాలనీలలోని ఇళ్ళన్నీ ఒకే నమూనాలో ఉంటాయి. తెలంగాణలో 2015లో ప్రారంభించిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో స్థలాలు పంచి కట్టించడం మొదలుపెట్టిన ఇల్లు 340. వరుసగా వంద గుమ్మాలు, వంద కిటికీలు, అన్నీ ఒకటే. అలాంటి ముందు గదిని, పని తెలిసినవారెవరో వచ్చి తీర్చిదిద్దారా అనిపించేలా చేయగలమా? చేయగలం. అందుకు కొనవలసినవాటి కంటే బయట పెట్టవలసినవే ఎక్కువ.

కృష్ణా జిల్లాలో ఉన్న మా ఆడపడుచు సంగతి చెబుతాను. వాళ్ళమ్మాయి టౌనులో నర్సింగు చదువుతోంది. స్నేహితురాళ్ళను ఇంటికి రమ్మనడానికి సిగ్గుపడుతోందని, గృహప్రతిష్ఠ జరిగిన నెలకే వీళ్ళు వాయిదాల మీద సోఫా సెట్టు తెచ్చారు. గది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. సోఫా, రెండు కుర్చీలు, టీపాయి కలిసి నలభై చదరపు అడుగులు తినేశాయి. అంటే గదిలో మూడో వంతు! శుక్రవారం ఇంటి కూటానికి వచ్చినవాళ్ళలో సగం మంది వరండాలోనే కూర్చున్నారు. అమ్మాయి మాత్రం స్నేహితురాళ్ళను తీసుకురాలేదు.

"అప్పు చేసి తెచ్చింది వదినా, ఎలా తీసేయను?" అంది నా ఆడపడుచు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చివరికి వాళ్ళాయనే సగం ధరకు అమ్మేశారు. మిగిలిన వాయిదాలు ఎనిమిది నెలలు కట్టారు. సోఫా లేకుండా సోఫాకు డబ్బు కట్టడం ఎంత కష్టమో ఆ ఇంట్లో వాళ్ళకే తెలుసు.

ఆ సెలవుల్లో మేమంతా కలిసి గదిలోని ప్రతి వస్తువునూ పెరట్లోకి మోసేశాం. ఖాళీ గదిని చూసి అమ్మాయి, "మన గది ఇంత పెద్దదా!" అంది. మీరూ ఒక్కసారి అలా చేసి చూడండి. తిరిగి లోపలికి తెచ్చేటప్పుడు, దీనితో రోజూ పని ఉందా అని అడిగి మరీ తీసుకురండి.

గోడల విషయంలో తొందర పనికిరాదు. కొత్త సిమెంటు పూతలో తడి ఆరకముందే రంగు వేస్తే పొక్కులు లేచి రాలిపోతుంది. నీళ్ళు కొట్టడం ఆపాక కనీసం నాలుగు వారాలు ఆగండి. గోడకొక రంగు వేయించడం మన ఊళ్ళలో ఒక సరదా అయింది. చిన్న గదికి అది అసలు నప్పదు. మూడు గోడలకు, పైకప్పుకు లేత రంగు వేసి, గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడకు మాత్రం అదే రంగు కాస్త ముదురుగా వేశాం. మనుషులు వీపు ఆనించి కూర్చునే చోట మూడడుగుల ఎత్తు వరకు కడగడానికి వీలయ్యే రంగు వేయిస్తే నూనె మరకల బాధ ఉండదు.

అందరూ పొరపడేది కిటికీ తెర దగ్గర. పాత చీర ముక్కను సరిగ్గా కిటికీ అంతే కత్తిరించి దారానికి గుచ్చుతాం. అప్పుడు కిటికీ ఇంకా చిన్నదిగా కనిపిస్తుంది. కడ్డీని కిటికీకి అరడుగు పైన బిగించి, తెరను నేలదాకా దించండి, కిటికీయే కాదు, గోడ కూడా ఎత్తుగా కనిపిస్తుంది. కుచ్చులు నిండుగా రావాలంటే గుడ్డ వెడల్పు కిటికీకి రెండింతలుండాలి. మూడడుగుల కిటికీకి నలభై నాలుగు అంగుళాల పన్నా గుడ్డ అయిదున్నర మీటర్లు తీసుకున్నాం. నూలు గుడ్డ ముడుచుకుంటుంది కాబట్టి ముందే తడిపి కుట్టాం. పెడన దగ్గరే కనుక కలంకారీ అద్దకం దొరికింది. తెరకు పూలుంటే దుప్పటికి పూలు వద్దు.

కూర్చోవడానికి ఇంట్లో ఉన్న చెక్క మంచమే చాలింది. గోడ వారగా వేసి, ముదురు రంగు దుప్పటి నేలను తాకేలా పరిచాం. ట్రంకు పెట్టెలు, చాపలు అన్నీ దాని కిందకు వెళ్ళిపోయాయి. కూటం రోజున చాపలు పరిస్తే ఇప్పుడు అందరూ లోపలే పడతారు.

దుకాణాల వాళ్ళిచ్చిన కాలెండర్లు నాలుగు ఉంటే ఒకటి ఉంచి, దాన్నీ వంటగదికి మార్చాం. నలుగురూ నాలుగు ఎత్తుల్లో కొట్టిన మేకులు పీకి, ఫోటోలన్నీ ముదురు గోడ మీద ఒకేచోట, నేలకు అయిదడుగుల ఎత్తులో గుంపుగా పెట్టాం. మధ్యలో చనిపోయిన మామగారి ఫోటో. అలమరలో కొండపల్లి ఎడ్లబండి ఒక్కటే ఉంచాం. తెల్ల పొణికి కర్రతో చేసిన ఆ చిన్న బొమ్మ పక్కన ప్లాస్టిక్ పూలు ఉంటే ఎవరూ దాన్ని చూడరు. పైన ట్యూబులైటు ఒక్కటే ఉంటే గది ఆఫీసులా ఉంటుందని, మంచం పక్కన తక్కువ ఎత్తులో పసుపు కాంతినిచ్చే ఎల్‌ఇడి బల్బు పెట్టించాం.

దసరా సెలవులకు అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్ళను తీసుకొచ్చింది. ఎవరితో చేయించారని వాళ్ళు అడిగారట. మా అత్తగారికి మాత్రం ఇది ఇంకా నచ్చలేదు. కళ్ళజోడు పెట్టె కావాలన్నా వంగి దుప్పటి ఎత్తి వెతుక్కోవాలట.