రేకు మోగితే తట్టి చూడండి

మా పాత చిన్న కారు ఎనభై దాటితే పక్క సీట్లోంచి మా ఆవిడ ఏమంటుందో వినపడదు. అదీ ఒక సౌకర్యమేనంటాడు మా బావమరిది. కానీ విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా ఆ హోరు భరించడం మాటలు కాదు.

ముందు ఖర్చులేని పని. డిక్కీలో జాకీ, పానా కదలకుండా గుడ్డ చుట్టండి. తలుపు సందులో కాగితం పెట్టి మూయండి. లాగితే సులువుగా వచ్చేస్తే అక్కడ రబ్బరు బీడింగ్ మార్చాలి.

ఇక అసలు పని రేకుది. తలుపు లోపలి ప్యానెల్ విప్పి వేలి కణుపుతో తట్టండి. ఖంగుమన్నచోటే అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ షీటు అతికించాలి. ఈ జిగురు రబ్బరు రేకు కంపనాన్ని రవ్వంత వేడిగా మార్చేస్తుంది. రేకంతా కప్పక్కర్లేదు, పావు వంతు కప్పినా తేడా తెలుస్తుంది. డబ్బు మిగిలేది ఇక్కడే! ఇంటి కప్పు లీకులకు వేసే తారు టేపు చవకే, కానీ మన మే నెల ఎండకు కారి కంపు కొడుతుంది. అతికించే ముందు స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, తర్వాత రోలర్‌తో గట్టిగా అదమండి. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూశారో, తుప్పే.

టైర్ల హోరు వేరు. అందులో కొంత గాల్లోంచి కూడా వస్తుంది కాబట్టి కార్పెట్ కింద ఫోము, దానిపై బరువైన వినైల్ పరవాలి. నీళ్లు పీల్చే మామూలు స్పాంజి వద్దు. సీట్లు విప్పేటప్పుడు పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి. వాటి జోలికి మాత్రం మెకానిక్‌నే వెళ్లనివ్వండి.