తుప్పు మీద రంగు నిలవదు



ఈ వేళ పాత కారును గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "కార్ల సంగతి మనకెందుకమ్మా, మగవాళ్ళ వ్యవహారం కదా!" అంటారేమో. మరి ఇనప పెనం తుప్పు పడితే దాన్ని దారికి తెచ్చేది ఎవరు? మనమే కదా. తోమి, తుడిచి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనె రాసి దాచేది మనమే. కారు కూడా ఇనపరేకే. పెనానికి వర్తించే నియమమే దానికీ వర్తిస్తుంది. కాకపోతే పెనం అంతా కంటికి కనిపిస్తుంది, కారులో కనిపించని చోట్లు ఎక్కువ.

చాలా ఇళ్ళలో తండ్రిగారో మామగారో ఒకప్పుడు ముచ్చటపడి కొన్న అంబాసిడరో ఫియటో ఓ మూల నిలబడి వుంటుంది. దాన్ని చూసిన చుట్టాలు రెండే సలహాలు చెబుతారు. "తుక్కు కింద అమ్మెయ్యండి" అని ఒకరు, "రంగు కొట్టిస్తే కొత్తదైపోతుంది" అని ఇంకొకరు. చాలాసార్లు ఈ ఇద్దరూ బండి కిందకు వంగి చూసినవాళ్ళు కారు. ఆ పెద్దాయన్ను కూర్చోబెట్టి అడిగినవాళ్ళు అసలే కారు.

మా పుట్టిల్లు దేవరుప్పుల. జనగామ నుంచి సూర్యాపేట పోయే దారిలో వస్తుంది. మా బాపుకు అక్కడ చిన్న వడ్లమిల్లు వుండేది. ఎవరో వాడిన 1974 మోడల్ అంబాసిడరు, మార్క్ టూ, ఆయన కొనుక్కున్నారు. చుట్టుపక్కల వూళ్ళలో ఎవరింట పెళ్ళైనా పెండ్లికొడుకు ఆ బండిలోనే వూరేగేవాడు. పురిటి నొప్పులు వస్తే అర్ధరాత్రి జనగామ ఆస్పత్రికి పోయేదీ ఆ బండే. తరవాత మిల్లు మూతబడింది, బాపు కళ్ళు మసకబారాయి, కారు పశువుల కొట్టంలోకి చేరింది. పన్నెండేళ్ళు అక్కడే వుంది. ఇప్పుడు బాపుకు 76 ఏళ్ళు. రెండేళ్ళుగా ఆయనా నేనూ కలిసి దాన్ని తిరిగి రోడ్డు మీదకు తెచ్చే పనిలో వున్నాం. ఈ పనిలో తెలుసుకున్నవే మీకు చెబుతున్నాను.

ముందు ఈ కారు కట్టుబడి తెలియాలి. హిందుస్తాన్ మోటార్స్ కంపెనీ 1942లో పుట్టింది. తరవాత బెంగాల్లోని ఉత్తరపారా దాని కార్ఖానాకు చిరునామా అయింది. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసును తెచ్చి అంబాసిడర్ అని పేరుపెట్టి 1950ల చివర్లో మొదలుపెట్టారు. 2014 దాకా తయారు చేస్తూనే వచ్చారు. లారీకైతే కింద బలమైన చట్రం వేరుగా వుంటుంది, పైన బాడీ వేరు. అంబాసిడరుకు అలా కాదు. నేలరేకూ, పక్కలూ, కప్పూ అన్నీ కలిపి ఒకే పెట్టె. బరువంతా ఆ పెట్టె మోయవలసిందే. కనుక కాళ్ళ కింద రేకుకు తుప్పు పట్టడమంటే ఇంటి దూలానికి చెద పట్టడమన్న మాట. అందాన్ని గురించిన బెంగ తరవాత, ముందు ప్రాణాల సంగతి చూడాలి.

తుప్పు, మా వైపు జంగు అంటారు, ఎందుకు పడుతుంది? ఇనుముకు నీరూ గాలీ రెండూ తగిలితే పడుతుంది. వుప్పు తోడైతే మరీ తొందరగా పడుతుంది. అందుకే విశాఖపట్నంలో సముద్రపు గాలికి నిలబడ్డ కారుకూ, జనగామ మెట్టప్రాంతంలో నిలబడ్డ కారుకూ ఎంతో తేడా. అయితే మా బండి మెట్టప్రాంతంలో వుండీ ఎందుకు చెడింది? పశువుల కొట్టం కనుక! పేడ, మూత్రం తేమలో వుండే లవణాలూ అమ్మోనియా ఇనుముకు శత్రువులు. పైగా మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు. వాన రాకుండా కాపాడుతుందనుకున్న ఆ పట్టాయే లోపలి చెమ్మను బయటికి పోనివ్వలేదు. మూతపెట్టిన గిన్నెలో ఆవిరి నిలిచినట్టు నిలిచింది. మీ ఇంట్లో బండిని కప్పవలసి వస్తే గాలి ఆడే నూలుగుడ్డ కప్పండి, పైన రేకుల నీడ వుండాలి.

ఇంకో సంగతి. అల్యూమినియం గిన్నెకూ పైపొర ఏర్పడుతుంది, కాని ఆ పొర చర్మంలా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుము తుప్పు అలా కాదు. అది బొరియలు బొరియలుగా, పెళ్ళలుగా లేస్తుంది. ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పైనున్న రంగును తోసుకుంటూ వస్తుంది. రంగు బుడగలా వుబ్బిందంటే లోపల తినేసినట్టే. ఢిల్లీలో మెహ్రౌలీ ఇనపస్తంభం దాదాపు 1600 ఏళ్ళుగా నిలబడి వుంది. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ కావడంవల్ల మీద ఒక రక్షణ పొర ఏర్పడిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. మన కారు రేకుకు ఆ అదృష్టం లేదు. దానికి రంగే రక్షణ.

తుప్పును ఎలా కనిపెట్టాలి? మన ఇంటి పనిముట్లు చాలు. ఫ్రిజ్జుకు అంటించే అయస్కాంతాన్ని మెత్తని గుడ్డలో చుట్టి బండి పక్కల మీద మెల్లగా జరుపుతూ పోండి. రేకు వున్నచోట పట్టుకుంటుంది. పుట్టీ మందంగా మెత్తినచోట వదిలేస్తుంది. మా బండి కుడి తలుపు కింద జానెడు మేర అయస్కాంతం నిలవలేదు! అది ఎప్పుడో ఎవరో పూడ్చిన గుంట అన్న మాట. తరవాత స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. ఖంగుమంటే మంచిది. బొద్దుగా పలికితే అనుమానించాలి. తివాచీ ఎత్తి నేలరేకు, తలుపుల అడుగున నీరు పోయే చిల్లులు, చక్రాల పైన మట్టి పేరుకునే గూళ్ళు, బ్యాటరీ కింది పళ్ళెం, వెనక కమాన్ పట్టీలు బిగించే చోట్లు తప్పకుండా చూడాలి.

తుప్పులో మూడు దశలున్నాయి. మొదటిది పైపైన ఎర్రని పొడి. ఉప్పు కాగితంతో రుద్దితే మెరుపు వస్తుంది. రెండోది మశూచి మచ్చల్లా గుంటలు. వైరు బ్రష్షుతో బాగా తోమి, గుంటల్లో మిగిలిన తుప్పుకు కన్వర్టర్ అనే మందు పూయాలి. దీని కిటుకు మనకు కొత్తది కాదు. వెనకటి రోజుల్లో కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి నల్లసిరా చేసుకునేవారు. కరక్కాయలోని వగరు, ఇనుముతో కలిస్తే నల్లని గట్టి పదార్థమవుతుంది. టానిన్ వున్న కన్వర్టర్లు చేసే పనీ అదే. మూడోది చిల్లు. చిల్లుకు మందు లేదు. చుట్టూ మంచి రేకు తగిలేదాకా కోసి, అంతే మందం వున్న రేకు అతికి వెల్డింగు చేయించాలి. ఫైబరు, పుట్టీ పెట్టి పైన రంగు వేసేవాళ్ళను నమ్మవద్దు. కుళ్ళిన పన్ను మీద తొడుగు వేసినట్టు వుంటుంది.

చిన్న బోల్టులూ నట్టులూ అయితే వినిగరులో ఒక రాత్రి నానబెట్టి, తోమి, వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. కడిగి వదిలేస్తే గంటల్లోనే మళ్ళీ ఎర్రబడుతుంది. పెద్ద రేకులకూ అంతే. శుభ్రం చేసిన రోజునే ప్రైమరు పడాలి. కదలని నట్టులకు కిరసనాయిలు పోసి రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. ఈ ఓపిక దగ్గరే మా ఇంట్లో పేచీ వచ్చింది.

బాపుకు మనవరాలి పెళ్ళికి ఆ కారు తియ్యాలని కోరిక. పెళ్ళికి అప్పటికి నాలుగు నెలలే వుంది. "పైన రంగు కొట్టించు బిడ్డా, లోపలి సంగతి తరవాత చూద్దాం" అన్నారు. రంగు వేసే మేస్త్రీ సరేనన్నాడు కూడా. నేలరేకు చూపించి, "పెండ్లిపిల్లను దీని మీద కూర్చోబెడదామా, బాపూ?" అన్నాను. ఆయన వంగి, చేత్తో తడిమి చూశారు. ఏమీ అనలేదు. పెళ్ళికూతురు వేరే కారులో వెళ్ళింది. బాపు మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజున ఆయనే కుర్చీ తెచ్చుకుని కొట్టం ముందు కూర్చుని, "డాష్‌బోర్డు విప్పేముందు ఏ తీగ ఎక్కడిదో రాసుకో" అన్నారు. నేలరేకు మొత్తం కొత్తది వేయించాం. ఇంజను పలుకుతోంది. రంగు ఇంకా మిగిలేవుంది.

ఇలాంటి పనిలో పెద్దాయన్ను వేడుక చూసేవాడిగా కూర్చోబెట్టకండి. ఆయనకు తెలిసింది ఏ పుస్తకంలోనూ లేదు. స్టీరింగు పక్కన గేరు ఎక్కడ తట్టుకుంటుందో, చలికాలం పొద్దున చోక్ ఎంత లాగాలో బాపు కళ్ళు మూసుకుని చెప్పేస్తారు. ఆయన చెబుతుంటే ఫోనులో రికార్డు చేసుకుంటాను. విప్పిన ప్రతిదాన్నీ ముందు ఫొటో తీస్తాను. నట్టులు ఏ భాగానివి ఆ భాగంగా పాత పోపులపెట్టె గిన్నెల్లో వేసి చీటీ అంటిస్తాను. ఆయన చేతిలోని పానా లాక్కోవద్దు. నట్టు తిప్పడానికి ఎక్కువసేపు పడితే పట్టనివ్వండి. కాని బండి కిందకు మాత్రం ఆయన్ను దూరనివ్వకండి. ఎండ ఎక్కకముందే పని ఆపండి, బీపీ మాత్రల వేళ తప్పనివ్వకండి.

జాగ్రత్తలు కొన్ని. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద ఎవరూ తల పెట్టకూడదు. కింద గట్టి స్టాండ్లు వుండాలి. పెట్రోలు టాంకు ఖాళీగా వున్నప్పుడే ఎక్కువ ప్రమాదం. లోపల ఆవిరి నిండి వుంటుంది. దాని దగ్గర వెల్డింగు చేయనివ్వకండి. పాత రంగులో సీసం వుండవచ్చు, పాత బ్రేకు లైనింగులో ఆస్‌బెస్టాస్ వుండవచ్చు. రంగును తడిపి రుద్దండి. బ్రేకు దుమ్మును నోటితోగానీ గాలితోగానీ వూదవద్దు. మాస్కు కట్టుకోండి, పిల్లలను దూరంగా వుంచండి. ఇక తుప్పు గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందంటారు. నిజానికి అది తుప్పువల్ల కాదు, మట్టిలో, పేడలో వుండే సూక్ష్మజీవివల్ల. కొట్టంలో నిలిచిన బండి కనుక ఇద్దరూ టీకా వేయించుకుని పని మొదలుపెట్టండి.

ఏళ్ళ తరబడి ఆగిన ఇంజనుకు ఒక్కసారిగా తాళం తిప్పవద్దు. పాత పెట్రోలు తీసేసి, ఆయిలు మార్చి, ప్లగ్గుల రంధ్రాల్లో కాస్త నూనె పోసి ఒకటి రెండు రోజులు వుంచి, హాండిలుతో చేత్తో తిప్పి చూడాలి. ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ వుంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను చెడగొడుతుంది. కనుక గొట్టాలు దానికి తట్టుకునేవి వేయించండి. సామాను కోసం హైదరాబాదు వాళ్ళు రాణీగంజ్ దుకాణాలు చూస్తారు. కలకత్తా మల్లిక్ బజారు పాత కార్ల సామానుకు పేరుమోసింది.

కాగితాల సంగతి మరవకండి. రిజిస్ట్రేషను 15 ఏళ్ళు దాటాక ఫారం 25తో పునరుద్ధరించుకోవాలి, మళ్ళీ అయిదేళ్ళకు అదే పని. యాభై ఏళ్ళు దాటిన సొంత వాహనాలకు 2021 జులైలో ప్రత్యేక నియమాలు వచ్చాయి. వింటేజ్ వాహనంగా నమోదైతే పాత నంబరు వుంచుకోవచ్చు, కాని ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతుకూ తప్ప రోజూ తిప్పడానికి వీల్లేదు. చట్రం, బాడీ, ఇంజను మౌలికంగా మార్చివుండకూడదు. కనుక "ఇంజను మార్చేద్దాం, ఏసీ పెడదాం" అనే మేస్త్రీ మాట వినేముందు ఏ దారిన వెళ్ళదలచారో తేల్చుకోండి. పెద్దాయన వుండగానే రిజిస్ట్రేషను పత్రంలో నామినీ పేరు రాయించండి. ఆయన తరవాత ఫారం 31తో మూడు నెలల్లో మార్పించుకోవాలి. ఆ మాట ఎత్తడం మనకు కష్టమే. కాని ఆఫీసుల చుట్టూ తిరగడం ఇంకా కష్టం.

అన్ని బళ్ళూ బతకవు. నేలరేకు, తలుపుల కింది దూలాలు, కమాన్ పట్టీలు బిగించే చోట్లు అన్నీ పోయి, కాగితాలూ లేకపోతే అధీకృత తుక్కు కేంద్రానికి ఇచ్చి రసీదు తీసుకోండి. అది అవమానం కాదు. స్టీరింగు చక్రం ఒకటి వుంచుకున్నా చాలు. ఆయన దానిని పట్టుకుని చెప్పిన కథలు రాసుకోండి.

మీ ఇంట్లో అలాంటి బండి వుంటే మేస్త్రీని పిలిచేముందు ఓ ఆదివారం ఒక నోటుబుక్కు, ఒక అయస్కాంతం తీసుకుని నాన్నగారిని వెంటబెట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరగండి. ఇనుముకైనా మనిషికైనా చెయ్యవలసినదేదో ఆలస్యం చెయ్యకుండా చెయ్యటమే మేలు.