సంచార రోబోట్లలో రంగుల గుర్తింపు

తనంతట తాను తిరిగే రోబోట్, కెమెరాతో చూసిన వస్తువు రంగును వెలుతురు మారినా పొరబడకుండా పోల్చుకోవడాన్ని సంచార రోబోట్లలో రంగుల గుర్తింపు అంటారు. ఇది కంప్యూటర్ దృష్టి శాస్త్రంలోని ఒక పాత చిక్కు.

సమస్య స్వరూపం

కెమెరాకు చేరేది వస్తువు తన మీద పడిన వెలుగులోంచి తిప్పి పంపిన భాగం మాత్రమే. కెమెరా దానిని ఒక్కో పిక్సెల్‌కు మూడు అంకెలుగా నమోదు చేస్తుంది. దీపం మారితే, వస్తువు అదే అయినా, అంకెలు మారిపోతాయి. మనిషి మెదడు ఈ తేడాను చాలావరకు సవరించుకుంటుంది. దీనికి వర్ణ స్థిరత్వం అని పేరు. అయినా చీరల దుకాణంలో ట్యూబులైటు కింద నచ్చిన చీరను గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుగులో మరోసారి చూడనివారు అరుదు. రోబోట్‌కు ఆ మాత్రపు సవరణ కూడా స్వతహాగా ఉండదు.

ఐబో రోబోట్ల అనుభవం

రోబోకప్ ఫుట్‌బాల్ పోటీలు 1997లో జపాన్‌లోని నగోయాలో మొదలయ్యాయి. వాటిలోని నాలుగు కాళ్ళ విభాగంలో సోనీ సంస్థ తయారుచేసిన కుక్క ఆకారపు ఐబో రోబోట్లు ఆడేవి. మైదానం ఆకుపచ్చ, గీతలు తెలుపు, బంతి నారింజ, ఒక గోల్ పసుపు, మరొకటి నీలం. ఐబో ఇఆర్ఎస్-7 కెమెరా 208×160 పిక్సెళ్ళ చిత్రాలను సెకనుకు 30 తీసేది. అంటే సెకనుకు దాదాపు 10 లక్షల పిక్సెళ్ళు. ప్రతిదానికీ అప్పటికప్పుడు లెక్క కట్టడం దాని చిన్న ప్రాసెసర్‌కు భారం. అందుచేత ఏ అంకెలకు ఏ రంగో తెలిపే పట్టికను ముందే సిద్ధం చేసేవారు. మూడు అంకెలకూ 128 మెట్ల చొప్పున ఇందులో సుమారు 21 లక్షల గళ్ళు ఉంటాయి. మనుషులు గంటకు పైగా కూర్చుని, చిత్రాలలో రంగులను చేత్తో గుర్తించి దీనిని తయారుచేసేవారు. దీపాలు మారితే ఆ శ్రమంతా వృథా. నారింజ బంతికీ ఎర్ర దుస్తుల ఆటగాడికీ తేడా తెలియని రోబోట్ ఆడేదేముంది?

స్వయంగా నేర్చుకోవడం

ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మోహన్ శ్రీధరన్, పీటర్ స్టోన్ ఈ పనిని రోబోట్‌కే అప్పగించారు. ఏ వస్తువు ఎక్కడ, ఎంత పరిమాణంలో, ఏ రంగులో ఉన్నదో తెలిపే మైదానపు పటాన్నీ, బయలుదేరే చోటునూ దానికి ముందే ఇస్తారు. అక్కడి నుండి చూస్తే ఎదుట పసుపు గోల్ ఉండాలని దానికి తెలుసు. కాబట్టి ఆ భాగంలోని పిక్సెళ్ళనే పసుపుకు నమూనాలుగా తీసుకుని, వాటి సగటునూ విస్తరణనూ లెక్కిస్తుంది.

ఇక్కడ విత్తు ముందా చెట్టు ముందా అనే ప్రశ్న వస్తుంది. రంగులు తెలిస్తేనే రోబోట్ తానున్న చోటును తెలుసుకోగలదు. చోటు తెలిస్తేనే రంగులు నేర్చుకోగలదు. మొదటి చోటు తెలిసి ఉండటమే దీనికి విడుపు. ఒక రంగు నేర్వగానే చోటు అంచనా మెరుగవుతుంది, దాని ఆధారంతో తరువాతి రంగు వద్దకు నడుస్తుంది. ఈ విధంగా మొత్తం పని 5 నిమిషాలలోపే ముగిసేది.

వెలుతురు మారినప్పుడు

రోబోట్ ఒక్కో వెలుతురులో తీసిన చిత్రాల రంగుల పంపిణీని పట్టికతోపాటు దాచుకుంటుంది. కొత్త చిత్రాల పంపిణీ పాతవాటిలో ఒకదానికి దగ్గరగా ఉంటే ఆ పట్టికనే వాడుతుంది. దేనికీ పోలకపోతే కొత్త వెలుతురుగా ఎంచి, రంగులు మళ్ళీ నేర్చుకుంటుంది.

పరిమితులు

పటంలోని వస్తువులను ఎవరైనా జరిపితే రోబోట్ తప్పు రంగును నేర్చుకునే ప్రమాదం ఉన్నది. సోనీ 2006లో ఆ తరం ఐబోల తయారీని ఆపివేసింది. ఆ విభాగానికి వారసత్వంగా వచ్చిన నావో రోబోట్ల పోటీలలో 2016 నుండి నారింజ బంతి స్థానంలో నలుపు తెలుపు బంతి ప్రవేశించింది. దానిని రంగు ఒక్కదానితోనే పట్టుకోవడం సాధ్యం కాదు కనుక, ఆకారాన్ని కూడా నేర్చుకునే నాడీజాల పద్ధతుల వైపు జట్లు మళ్ళాయి.