నాలుగు అరచేతుల మీద బండి

మా మేనల్లుడు హనుమకొండలో సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్ డీజిల్ కొన్నాడు. 2016 మోడల్, మాన్యువల్ గేరు. కొని వారం తిరక్కుండానే ఫోన్లో ఒక జాబితా పంపాడు. ఇంజన్ రీమ్యాప్, కోన్ ఫిల్టరు, గుబగుబమనే సైలెన్సరు, 17 అంగుళాల అలాయ్ చక్రాలు. కింద ఒక ప్రశ్న: "మామా, నా దగ్గర నలభై వేలున్నయి. ముందుగాల ఏం చేపియ్యాలె?"

ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పిన పాపానికి ఇలాంటి ప్రశ్నలు నాకు తప్పవు. ఎదురు ప్రశ్న వేశాను: "టైర్లు ఎప్పటివిరా?" వాడికి తెలీదు. అది తెలీకుండా బండి కొన్నాడని వాణ్ణి తప్పుపట్టలేం. మన దగ్గర బండికి ఉన్న కొలత ఒకటే, పికప్. లాగుతుందా లేదా అని అడుగుతాం. ఆగుతుందా అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు.

సరే, పికప్ దగ్గరే మొదలుపెడదాం. ఆ బండిలో ఉన్నది 1248 సీసీ ఇంజను. పుట్టిల్లు ఫియట్. ఒక కాలంలో ఇదే ఇంజను స్విఫ్ట్‌లో ఉండేది, ఫియట్ పుంటోలో ఉండేది, టాటా విస్టాలోనూ ఉండేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రాగానే మారుతి డీజిల్ కార్లనే మానేసింది. స్విఫ్ట్‌లో దీని పవరు 75 హార్స్ పవర్. సియాజ్, ఎర్టిగాల్లో ఇదే ఇంజను 90 ఇచ్చేది. ఈ తేడాలో పెద్ద వాటా టర్బోది. 75 ఇంజన్లో టర్బోకి పొగ తగిలే దారి ఎప్పుడూ ఒకే వెడల్పులో ఉంటుంది. 90 ఇంజన్లో ఆ దారికి చిన్న చిన్న రెక్కలుంటాయి. పొగ తక్కువ ఉన్నప్పుడు అవి మూసుకొచ్చి దారిని ఇరుకు చేస్తాయి. నీళ్ళ పైపు కొసకి బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు దూరం చిమ్ముతాయి కదా, అదే కిటుకు. అంటే కంపెనీ 15 హార్స్ పవర్ పెంచడానికి ఇనుము మార్చింది. రీమ్యాప్ చేసేవాడు ఇనుము ముట్టుకోడు. కంప్యూటర్లో అంకెలు మార్చి, డీజిల్ కొంచెం ఎక్కువ పోయించి, టర్బో ఒత్తిడి కొంచెం ఎక్కువ చేయిస్తాడు. అది మోసమేమీ కాదు. టర్బో డీజిళ్ళలో 20, 25 శాతం దాకా నిజంగానే పెరుగుతుంది. ఆ పెరిగినదాన్ని ఎవరు మొయ్యాలి అన్నదే చిక్కు.

మొదట మొయ్యాల్సింది క్లచ్ ప్లేటు. ఇంజను తిప్పే బలం, అంటే టార్కు, గేర్‌బాక్సుకి చేరేది ఒక స్ప్రింగు, ఒక రాపిడి ప్లేటును ఎంత గట్టిగా అదిమిపట్టిందన్న దాని మీదే. స్ప్రింగు బలం, రాపిడి, ప్లేటు వ్యాసార్థం, ఈ మూడూ కలిస్తే దాని తాహతు. అందులో కంపెనీ కొంత మిగులు పెట్టే పంపుతుంది. కానీ పదేళ్ళుగా హనుమకొండ చౌరస్తా ట్రాఫిక్కులో హాఫ్ క్లచ్ మీద నడిచిన బండిలో ఆ మిగులు ఎంత మిగిలి ఉంటుంది? దానిమీద ఇంకో పాతిక శాతం పెడితే ప్లేటు జారుతుంది. మీ బండిని మీరే పరీక్షించుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 50 స్పీడు దగ్గర ఎక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకి ఎగిరి, బండి మాత్రం ఊపందుకోకపోతే ప్లేటు పోయినట్టే. అలాంటి బండికి రీమ్యాప్ చేయించడమంటే, చిరిగిన గోనెసంచిలో ఇంకో పది కిలోలు పోయడమే.

ఇంతకంటే పెద్ద పికప్ వాడి చేతికిందే ఉంది, పైసా ఖర్చు లేకుండా. అదే గేరు రాడ్డు. పవరంటే టార్కును ఆర్‌పీఎంతో గుణించగా వచ్చేది. ఈ ఇంజను 2000 ఆర్‌పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది. లెక్క వేస్తే దాదాపు 54 హార్స్ పవర్. 1500 దగ్గర టర్బో ఇంకా నిద్రమత్తులోనే ఉంటుంది. జనగామ దాటాక ముందు వడ్ల లారీ ఉంటే మనవాడు అయిదో గేరులోనే 60 స్పీడు మీద ఎక్సిలరేటర్ తొక్కి, "లాగుతలేదు మామా" అంటాడు. లాగదు. క్లచ్ తొక్కి మూడో గేరుకి దించితే, అదే స్పీడులో ఇంజను ఒకటిన్నర రెట్లకు పైగా తిరుగుతుంది. టార్కు పెరగకపోయినా సరే, పవరు అంత మేరకు పెరిగి తీరాలి. రీమ్యాపు ఇచ్చేది పాతిక శాతం, ఎడమచెయ్యి ఇచ్చేది యాభై పైన. మైలేజీ కోసం ఎప్పుడూ పై గేరులోనే పోవాలని మనకి ఎవరు నేర్పారో కానీ, మన మాన్యువల్ బండ్లు సగం అందుకే మొద్దుబారి ఉంటాయి.

కోన్ ఫిల్టరు సంగతి వరంగల్ ఎండలో మాట్లాడితేనే బాగా అర్థమవుతుంది. ఇంజనుకి కావలసింది గాలి కాదు, గాలిలోని ఆక్సిజన్. వేడెక్కినకొద్దీ గాలి పలచబడుతుంది. 25 డిగ్రీల దగ్గరి గాలితో పోలిస్తే 45 డిగ్రీల మే నెల గాలి బరువు ఆరు శాతం తక్కువ. ఇందులో మనం చేసేదేమీ లేదు. కానీ కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బా, దాని గొట్టం బానెట్ ముందు భాగం నుంచి బయటి గాలిని పీలుస్తాయి. దాన్ని పీకేసి ఇంజను పక్కనే కోన్ పెడితే అది పీల్చేది బానెట్ కింది సెగ. అక్కడి వేడి 65 డిగ్రీలు ఉందనుకుంటే ఇంకో ఆరు శాతం పోయింది. ఫిల్టరు గాలిని ఎంత ధారాళంగా వదిలినా, పైసలిచ్చి వేడిగాలి కొనుక్కున్నట్టే. సుయ్‌మని చప్పుడు మాత్రం బాగా వస్తుంది, కాదనను. పాత కాగితం ఫిల్టరే మార్చితే చాలు, ముఖ్యంగా పత్తి సీజన్లో ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల తిరిగే బండికి.

సైలెన్సరు గురించి ఎక్కువ చెప్పను. టర్బో బండిలో పొగ మొదట టర్బోని దాటుకొని రావాలి కాబట్టి, చివర డబ్బా మార్చినంత మాత్రాన పికప్ రాదు, మోత వస్తుంది. కంపెనీ రూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టూ అదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

17 అంగుళాల అలాయ్‌లు అసలు పికప్‌కి పగవాళ్ళు. చక్రం తిరిగే బరువు. బండిని ముందుకు తొయ్యడానికీ, ఆ చక్రాన్ని తిప్పడానికీ ఇంజను రెండుసార్లు కష్టపడాలి. టైరు వ్యాసం 5 శాతం పెరిగితే రోడ్డు మీద లాగే బలం 5 శాతం తగ్గుతుంది. ఒక ముచ్చట చెప్తాను. ఈ స్విఫ్ట్ కింది మోడళ్ళకి 165/80 ఆర్14 టైర్లు, పై మోడల్‌కి 185/65 ఆర్15. చూడటానికి ఎంతో తేడా. లెక్క కడితే మొదటిది 620 మిల్లీమీటర్ల వ్యాసం, రెండోది 622. చక్రం పెద్దదైంది, టైరు గోడ చిన్నదైంది, గేరింగు మాత్రం చెక్కుచెదరలేదు. ఇదీ ఇంజనీర్ల పద్ధతి.

ఇంజనీరింగ్ కుర్రాళ్ళకి బాహా అనే పోటీ తెలిసే ఉంటుంది. 1976లో అమెరికాలోని సౌత్ కరోలినాలో మొదలై మన దేశానికీ వచ్చింది. విద్యార్థులు మట్టిదారుల్లో నడిచే చిన్న బండిని సొంతంగా తయారు చెయ్యాలి. అమెరికా పోటీల్లో దశాబ్దాల పాటు అందరికీ ఒకే ఇంజను, 10 హార్స్ పవర్‌ది. దాన్ని ముట్టుకోకూడదు. మరి కొందరు గెలిచేదీ కొందరు ఓడేదీ దేనివల్ల? బరువు, గేరింగు, సస్పెన్షను, టైర్లు. ఇంజను తాళం వేసి ఇస్తే తప్ప మిగతా బండి మన కంటికి ఆనదేమో.

ఇప్పుడు టైర్ల దగ్గరికి వద్దాం. లెక్క సులువుగా ఉండటానికి బండి వెయ్యి కిలోలు అనుకుందాం. ఒక్కో టైరు మీద 250. లోపల గాలి 32 పీఎస్ఐ. బరువును గాలి ఒత్తిడితో భాగిస్తే టైరు నేలని తాకే చోటు తేలుతుంది, సుమారు 110 చదరపు సెంటీమీటర్లు. ఒక అరచెయ్యి. ఎన్ని హార్స్ పవర్లు పెంచినా, ఎంత పెద్ద డిస్కు బ్రేకులు వేసినా, అన్నీ ఆ నాలుగు అరచేతుల గుండానే రోడ్డుకి చేరాలి. ఉన్న బ్రేకులే చక్రాన్ని బిగదీసి ఆపగలవు. అక్కణ్ణుంచి బండిని ఆపాల్సింది రబ్బరు.

జనగామ మీదుగా పోయే 163వ నంబరు హైవేలాంటి నాలుగు లైన్ల రోడ్డు మీద కార్లకి 2018లో కేంద్రం ఖరారు చేసిన గరిష్ఠ వేగం 100. ఆ వేగంలో రెండు బండ్లు పక్కపక్కన పోతున్నాయి. ఒకదాని టైరు పట్టు (రాపిడి గుణకం) 0.9, ఇంకోదానిది కాస్త గట్టిపడిన రబ్బరు, 0.8. ఇద్దరూ ఒకేసారి బ్రేకు తొక్కారు. మొదటిది 44 మీటర్లలో ఆగింది. రెండోది 49 మీటర్లకి. అయిదు మీటర్లేగా అనిపిస్తుంది. అయితే మొదటి బండి పూర్తిగా ఆగిన చోట రెండోది ఎంత వేగంతో ఉందో లెక్కేయండి: గంటకి 33 కిలోమీటర్లు. అక్కడ బర్రె నిలబడి ఉంటే ఒకరికి భయం మిగిలింది, ఒకరికి బానెట్ పోయింది.

వానలో లెక్క ఇంకో తీరు. టైరు గాడులు నీటిని పక్కకి తోసెయ్యాలి. తొయ్యలేకపోతే టైరు నీటి మీద తేలుతుంది, స్టీరింగు గాలిలో తిప్పినట్టుంటుంది. 1960ల్లో నాసా ఇంజనీర్లు విమానం టైర్లతో ప్రయోగాలు చేసి, ఈ తేలే వేగం టైరులోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుందని తేల్చారు. ఆ సూత్రంలో 32 పీఎస్ఐ పెడితే గంటకి 94 కిలోమీటర్లు వస్తుంది. గాలి 24కి దిగితే 82కే తేలుతుంది. పంపు దగ్గర గాలి కొట్టించడం కూడా ఒక అప్‌గ్రేడే మరి.

రెండు రోజుల తర్వాత మేనల్లుడు ఒక ఫొటో పంపాడు. వెనక టైరు గోడ మీద నాలుగు అంకెలు: 1416. "ఏంది మామా ఇది?" 2016లో పద్నాలుగో వారంలో తయారైందని చెప్పాను. బండితో పాటు వచ్చినవే, గాడులు ఇంకా ఉన్నాయి, రబ్బరు మాత్రం గోరుతో నొక్కితే చెక్కలా ఉందట. ముందువి మూడేళ్ళ కిందటివి, బాగున్నాయి. రెండే కొంటానన్నాడు. షాపతను, ఇంజను ముందే లాగుతుంది కాబట్టి కొత్తవి ముందు వేసి, ముందువి వెనక్కి తోస్తానంటున్నాడట. వద్దు, కొత్తవి వెనకే వెయ్యమన్నాను. ముందు టైరు జారితే బండి తిరగకుండా నేరుగా పోతుంది, చేతికి తెలుస్తుంది, కాలు తీస్తే మళ్ళీ పట్టు దొరుకుతుంది. వెనకది జారితే తెలిసేలోపు బండి వచ్చిన దిక్కుకే చూస్తూ ఉంటుంది.

ఫోన్లో షాపతని గొంతు వినిపించింది: "అందరికీ ముందే ఏస్తం సార్, మీరొక్కరే ఎనక ఏయమంటున్నరు." అయినా వేశాడు. మిగిలిన డబ్బులో బ్రేక్ ఆయిల్, డీజిల్ ఫిల్టరు, అలైన్‌మెంటు అయిపోయాయి. రీమ్యాపు సంగతి వానాకాలం పోయినంక చూస్తాడట, ముందు క్లచ్ పరీక్ష చేసుకొని.